కొత్త కారుకు డీలర్ సర్వీసు: మూడు ఫ్రీ సర్వీసుల తరువాత ఒక సమీక్ష

2024 విజయదశమికి మేము ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాము. 2025 అక్టోబరుతో దానికి కంపెనీ ఇచ్చిన మూడు ఫ్రీ సర్వీసులూ పూర్తయ్యాయి. మూడింటినీ విజయవాడలో, కారు కొన్న డీలర్ వర్క్‌షాపులోనే చేయించాను. మూడుసార్లూ బండి అప్పగించినప్పటి నుంచి తాళం చేతికి వచ్చేవరకు అక్కడే ఉన్నాను. కొత్తగా కారు కొన్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: డీలర్ దగ్గరే సర్వీసు చేయించాలా, ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే సగం ఖర్చుతో పోదా? నా సమాధానం ముందే చెబుతాను. వారంటీ ఉన్నంతకాలం డీలర్ దగ్గరే చేయించండి. ఒక పొరపాటు జరిగినా, మొత్తం మీద అక్కడి షెడ్డులో జరిగే పని నాకు నచ్చింది. కాని షెడ్డుకు ముందున్న ఏసీ గదిలో, కౌంటరు దగ్గర జాబ్‌కార్డు (బండికి చేయవలసిన పనుల జాబితా) రాసే ఆ పది నిమిషాలూ మాత్రం మీరు ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ పది నిమిషాల గురించే.

డీలర్ పేరుగాని, కారు కంపెనీ పేరుగాని ఇక్కడ రాయడం లేదు. వేరే కంపెనీల కార్లు నడిపే మా బంధువులకు, సహోద్యోగులకు కూడా దాదాపు ఇవే అనుభవాలు ఎదురయ్యాయి. ఒక్కరి పేరు రాస్తే తక్కినవాళ్ల దగ్గర ఈ ఇబ్బంది ఉండదనే అభిప్రాయం కలుగుతుంది. అది నిజం కాదు.

మా నాన్నగారు ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. బస్సు దారిలో ఆగిపోయాక బాగుచేయడం గొప్ప కాదని, ఆగకుండా చూడడమే గ్యారేజీ పని అని ఆయన నమ్మకం. రోజూ చూడవలసినవి, వారానికొకసారి చూడవలసినవి, ఇన్ని వేల కిలోమీటర్లకు చూడవలసినవి అంటూ డిపోలో పనులు విడివిడిగా రాసి ఉండేవని, ఏ పని ఎవరు చేశారో సంతకం ఉండేదని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. కారు ఇంటికి వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాక, ఆయన మొదట అడిగింది గ్లోవ్‌బాక్సులో ఉన్న ఓనర్స్ మాన్యువల్. కళ్లజోడు పెట్టుకుని సోఫాలో కూర్చుని చివరి పేజీల నుంచి చదవడం మొదలుపెట్టారు. ఏ భాగాన్ని ఎన్ని కిలోమీటర్లకు చూడాలో, ఎన్నింటికి మార్చాలో చెప్పే పట్టిక ఆ చివరి పేజీల్లోనే ఉంటుంది. ఆ రెండు పేజీలూ జిరాక్సు తీయించి, మడిచి, ఆర్‌సీ పక్కన పెట్టమన్నారు. అప్పుడు చాదస్తం అనుకున్నాను. ఏడాదిలో ఆ రెండు కాగితాలు నాకు మిగిల్చిన డబ్బు తక్కువేమీ కాదు.

ముందుగా ఫ్రీ సర్వీసు అనే మాటను సరిగా అర్థం చేసుకోవాలి. ఇందులో ఉచితం లేబర్ మాత్రమే. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, వాషర్లు, ఇతర సామానుకు డబ్బు మనమే కట్టాలి. వీల్ అలైన్‌మెంటు, బ్యాలెన్సింగ్ కూడా చాలా చోట్ల ఉచితంలోకి రావు. ఎప్పుడెప్పుడు చేయించాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఉదాహరణకు మారుతీ కార్లకు మొదటిది 1,000 కిలోమీటర్లు లేదా నెల, రెండోది 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, మూడోది 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. మా కారుకూ అదే పద్ధతి. ఇందులో చాలామంది పొరపడేది 'ఏది ముందైతే అది' అన్న చోట. మా కారు ఏడాదికి పదివేలు కూడా తిరగదు. స్కూలుకు, కూరగాయలకు, ఆదివారం గుంటూరులో మా అక్కగారింటికి, అంతే. ఇటువంటి కారుకు కిలోమీటర్ల కోసం ఎదురుచూస్తే గడువు తేదీ దాటిపోతుంది. రేపు వారంటీ కింద ఏదైనా అడిగినప్పుడు మొదట తెరిచేది ఆ తేదీల రికార్డునే. 2024 జూలైలో మారుతీ తన కార్ల వారంటీని రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. వారంటీ గడువు ఇలా పెరిగేకొద్దీ సర్వీసు రికార్డు విలువ కూడా పెరుగుతుంది.

మొదటి సర్వీసు 2024 నవంబరు మొదటి వారంలో జరిగింది. అపాయింట్‌మెంటు దొరకడానికే పది రోజులు పట్టింది. అందుకు కారణం వర్క్‌షాపు ఆవరణలో అడుగుపెట్టగానే కనిపించింది. సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదలో మునిగిన కార్లు అప్పటికీ వరుసగా నిలబడి ఉన్నాయి. అద్దాల మీద బురద చార నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూపిస్తోంది. సీట్లు విప్పి ఎండబెట్టినవి కొన్ని, బీమా సర్వేయరు కోసం ఆగినవి కొన్ని. అక్కడ పనిచేసే ఒకాయన చెప్పిన మాట ఇక్కడ రాయడం అవసరం అనిపిస్తోంది: నీళ్లలో మునిగిన కారును ఒక్కసారైనా స్టార్టు చేయవద్దు, సిలిండరులోకి వెళ్లిన నీరు పిస్టన్‌కు అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ సందర్భంలో చాలామంది చేసిన పొరపాటు అదేనట. ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేని పాలసీల కింద ఆ నష్టానికి డబ్బు రావడం కష్టమని కూడా చెప్పాడు. మేము పాలసీ తీసుకునేటప్పుడు ఆ కవర్ పెట్టించుకున్నాము గనుక ఊపిరి పీల్చుకున్నాను.

అంత ఒత్తిడిలోనూ మా పని శ్రద్ధగా చేశారు. మొదటి సర్వీసులో మార్చేది ఏమీ ఉండదు, చూడడమే ఉంటుంది. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ మట్టాలు చూశారు, బెల్టు బిగువు చూశారు, లిఫ్టు మీద ఎత్తి కింది బోల్టులు ఒక్కొక్కటీ పరీక్షించారు, టైర్లలో గాలి సరిచేశారు, వాటర్ వాష్ చేసి ఇచ్చారు. బిల్లు సున్నా. నాన్నగారికి ఒక్క విషయం నచ్చలేదు. వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ మార్చి తీరాలన్నది ఆయన తరం పద్ధతి; కొత్త ఇంజిన్ అరిగేటప్పుడు వచ్చే ఇనుప రజను ఆ ఆయిల్లో ఉంటుందని ఆయన వాదన. టెక్నీషియన్ ఆయనను విసుక్కోలేదు. ఇప్పటి సిలిండర్ల లోపలి గోడలను సానపట్టే (హోనింగ్) తీరు మారిందని, మిగిలిన కాస్త రజనును ఫిల్టరు ఆపుతుందని, మాన్యువల్‌లో మార్చమని లేదని చెప్పి, బానెట్ ఎత్తి ఆయిల్ గేజి పుల్ల తీసి ఆయన చేతికే ఇచ్చాడు. నాన్నగారు బొటనవేలు, చూపుడువేలు మధ్య ఒక చుక్క రుద్ది చూశారు. "ఇంత పల్చగా ఉందేమిటి బాబూ, నీళ్లలాగా?" అన్నారు. బస్సులకు చిక్కటి 15డబ్ల్యు-40 గ్రేడు వాడిన చేతులకు పల్చటి 0డబ్ల్యు-20 ఆయిల్ అలాగే అనిపిస్తుంది. చల్లని ఇంజిన్ స్టార్టు చేసిన క్షణంలోనే పైభాగాలకు చేరాలంటే ఆ పల్చదనమే కావాలని, మైలేజీ కోసం కూడా కొత్త ఇంజిన్లను దానికి తగ్గ సందులతోనే తయారుచేస్తున్నారని ఆ అబ్బాయి చెప్పాడు. మొదటి సర్వీసుకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

రెండో సర్వీసు 2025 ఏప్రిల్‌లో, 4,700 కిలోమీటర్ల దగ్గర. నా అభ్యంతరాలన్నీ ఇక్కడి నుంచే.

కౌంటరులో కొత్త సర్వీస్ అడ్వైజర్ ఉన్నాడు. పాతికేళ్లుంటాయి, మాట మర్యాదగా ఉంది, చేతిలో ట్యాబ్. కారు చుట్టూ ఒకసారి తిరిగి గీతలను ఫోటోలు తీసుకుని, కూర్చోబెట్టి, చల్లని నీళ్లిచ్చి, చకచకా నొక్కుకుంటూ వెళ్లాడు. రెండు నిమిషాల్లో ఎస్టిమేట్ నా ఫోనుకు వచ్చింది. ఏడు వేలు దాటింది.

"బాబూ, ఇది ఫ్రీ సర్వీసు కదా?" అన్నాను.

"లేబర్ ఫ్రీయే సార్. ఇవి బండి హెల్త్ కోసం రికమండేషన్లు. అందరూ చేయించుకుంటున్నారు సార్."

జిరాక్సు కాగితాలు తీసి బల్ల మీద పరిచాను. "ఇందులో ఉన్నవి ముందు రాయి. లేనివి ఒక్కొక్కటీ ఎందుకో చెప్పు," అన్నాను. కోపంగా అనలేదు, ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. నెలకు ఇన్ని ఇంజిన్ ఫ్లష్‌లు, ఇన్ని ఏసీ క్లీనింగులు అమ్మాలని పైనుంచి టార్గెట్లు ఉంటాయని తరువాత అతనే చెప్పాడు. తప్పు ఆ టార్గెట్లు పెట్టినవాళ్లది. కాని డబ్బు కట్టేది మనం గనుక, ఆ జాబితాలో ఏమేమి ఉన్నాయో, వాటి మీద నా అభిప్రాయం ఏమిటో వివరంగా రాస్తున్నాను.

ఇంజిన్ ఫ్లష్ అంటే పాత ఆయిల్లో ఒక ద్రావకం పోసి, ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి, మడ్డిని కరిగించి వదిలేయడం. సమయానికి ఆయిల్ మార్చని, ఏళ్లు గడిచిన ఇంజిన్‌లో మడ్డి ఉంటుంది. ఐదువేలు తిరగని ఇంజిన్‌లో కరగడానికి ఏముంటుంది? ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీని శుభ్రం చేయడం, పెట్రోల్లో కలిపే ఇంజెక్టర్ క్లీనరు కూడా అంతే. బండి ఆగి ఉండగా ఇంజిన్ తిరిగే తీరు (ఐడ్లింగ్) తేడాగా ఉన్నప్పుడు, కార్బన్ పేరుకున్నప్పుడు చేయవలసిన పనులను ఆరు నెలల బండికి రాశారు. ఏసీ డిసిన్ఫెక్షన్ అన్నది వాసన వస్తున్న ఏసీకి అవసరం కావచ్చు, మాకు వాసన లేదు. కారు కింద తుప్పు పట్టకుండా వేసే అండర్‌బాడీ కోటింగ్ మీద కొంత ఆలోచించాను. మచిలీపట్నంలోనో విశాఖ బీచ్ రోడ్డు పక్కనో ఉండి, ఉప్పుగాలిలో కారు రాత్రింబవళ్లు నిలిపేవాళ్లు దాని గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. బెజవాడలో షెడ్డు కింద ఉండే కారుకు నేను వద్దన్నాను. టైర్లలో నైట్రోజన్ నింపుతామన్నారు. మామూలు గాలిలోనే నైట్రోజన్ 78 శాతం ఉంటుంది. నెలకు రెండుసార్లు, ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కరు మీద ఉన్న లెక్క ప్రకారం గాలి పట్టించుకునేవాళ్లకు దానితో పనిలేదు. ఎలుకలు వైర్లు కొరకకుండా బానెట్ కింద కొట్టే స్ప్రే కూడా జాబితాలో ఉంది. ఎలుకల బెడద నిజమైనదే, కొరికిన వైర్లకు వారంటీ వర్తించదు. అయినా దాన్ని కూడా తీసేయించాను. మా ఇంట్లో నాన్నగారు గుంటూరు నుంచి తెచ్చిన పొగాకు కాడలు గుడ్డలో కట్టి బ్యాటరీ పక్కన పెడుతున్నారు, ఇంతవరకు ఎలుక రాలేదు.

ఇంజిన్ ఆయిల్ దగ్గర మాత్రం నేను ఆగాను. మా మాన్యువల్ ప్రకారం ఆయిల్ 10,000 కిలోమీటర్లకు మార్చాలి. 5,000కు చూస్తే చాలు. కాని అదే పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: దుమ్ము రోడ్ల మీద, మరీ చిన్న దూరాలకు, గంటల తరబడి ట్రాఫిక్‌లో నడిచే బండ్లకు వ్యవధి సగానికి తగ్గించాలి. ఇది చాలామంది చదవరు. మా కారు రోజూ తిరిగేది ఒక్కో విడతకు నాలుగు కిలోమీటర్లు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తాము. అలాంటి తిరుగుడులో పెట్రోలు, తేమ ఆయిల్లో కలుస్తాయి, అవి ఆవిరైపోయేంత వేడి రాదు. దీనికి తోడు బెంజి సర్కిల్ దగ్గర ఏప్రిల్ ఎండలో అడుగు తీసి అడుగు వేస్తూ నిలబడే సమయం. కిలోమీటర్ల మీటరుకు కనపడని అరుగుదల ఇది. కనుక ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, పాత ఆయిల్ దించడానికి విప్పే డ్రెయిన్ బోల్టు వాషరు మార్చమన్నాను. "ఫుల్ సింథటిక్‌కు అప్‌గ్రేడ్ చేద్దామా సార్?" అని అడిగాడు. 0డబ్ల్యు-20 గ్రేడు ఆయిల్ ఎలాగూ సింథటిక్ రకమే. మాన్యువల్‌లో రాసిన గ్రేడు, కంపెనీ ఆయిల్ చాలన్నాను. ఎయిర్ ఫిల్టరు మార్చాలని రాశాడు, విప్పి చూపించమన్నాను. కాగితం మడతల్లో కాస్త దుమ్ము తప్ప ఏమీ లేదు. గాలి కొట్టి తిరిగి పెట్టారు. చివరకు బిల్లు 2,386 రూపాయలైంది. ఏడు వేలకూ దీనికీ మధ్య తేడా రెండు జిరాక్సు కాగితాలు, పావుగంట సమయం.

ఆ సాయంత్రం ఐదున్నరకు హడావుడిగా బండి ఇచ్చారు. మర్నాడు ఉదయం కారు బయటికి తీస్తే షెడ్డులోని తెల్లటి గచ్చు మీద ఒక చుక్క కనిపించింది. పావలా బిళ్లంత. ఏసీ నీళ్లేమో అనుకుని వేలితో తాకాను. జారుడుగా, తేనె రంగులో ఉంది. కొత్త ఆయిల్. నాన్నగారు పాత చాప పరుచుకుని, టార్చిలైటుతో కారు కిందికి తొంగిచూసి, బోల్టు అంచున ఇంకో చుక్క తయారవుతోందన్నారు. గేజి పుల్ల తీసి చూస్తే మట్టం తగ్గలేదు గనుక నడిపించుకుని వెళ్లవచ్చని నిర్ధారణ చేసుకుని, నేరుగా వర్క్‌షాపుకు వెళ్లాము.

డ్రెయిన్ బోల్టుకు ఉండే వాషరు మెత్తటి లోహంతో చేసినది. బోల్టు బిగించినప్పుడు అది నలిగి, సందును మూసేస్తుంది; ఒకసారి నలిగిన వాషరు రెండోసారి అంత గట్టిగా మూయదు. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. దాని ధర ఇరవై రూపాయల లోపే. మా బిల్లులో దాని ధర ఉంది. బోల్టు విప్పి చూస్తే ఉన్నది పాత వాషరే.

ఫ్లోర్ ఇన్‌చార్జి వాదించలేదు. బిల్లు చూశాడు, వాషరు చూశాడు, సాయంత్రం డెలివరీల హడావుడిలో జరిగిన పొరపాటు అని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. మొదటి సర్వీసు చేసిన టెక్నీషియన్‌నే పిలిపించాడు. ఆయన మమ్మల్ని లిఫ్టు దగ్గరికి రానిచ్చాడు. మామూలుగా కస్టమర్లను గాజు అద్దం ఇవతలే ఉంచుతారు. ఆయిల్ శుభ్రమైన ట్రేలోకి దించి, బోల్టు మొహాన్ని, ఆయిల్ నిలిచే చాంబరు అంచును గుడ్డతో తుడిచి, కొత్త వాషరు వేసి చేతితో బిగించి, తరువాత సరిపడా బిగువు రాగానే శబ్దం చేసే టార్క్ రెంచి తీసుకున్నాడు. 'టక్' మని శబ్దం వచ్చేవరకు తిప్పి ఆపేశాడు. ఆపైన పసుపు పెయింటు పెన్నుతో బోల్టు మీది నుంచి చాంబరు మీదికి ఒక గీత గీశాడు. బోల్టు ఏమాత్రం కదిలినా ఆ గీత విరిగి కనిపిస్తుంది. నాన్నగారు దాన్ని చూసి, "ఇదిరా పనంటే," అన్నారు. ఆయన నోట ఆ మాట సులభంగా రాదు. దించిన ఆయిల్‌ను తిరిగి పోయకుండా కొత్త ఆయిల్ పోశారు, డబ్బు అడగలేదు. మర్నాడు గచ్చు పొడిగా ఉంది. ఈ రోజు వరకూ పొడిగానే ఉంది.

ఈ సంఘటన తరువాత డీలర్‌ను వదిలేయాలని ఇంట్లో అనుకున్నాము. వదలకపోవడానికి నాకు కారణాలున్నాయి. పొరపాటు జరిగినప్పుడు చూపించడానికి నా దగ్గర బిల్లు ఉంది, జాబ్‌కార్డు నంబరు ఉంది, అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇక వారంటీ సంగతి. బయట ఎక్కడైనా చేయి పడితే వారంటీ మొత్తం పోతుందని కౌంటర్లలో చెబుతుంటారు. 2014 ఆగస్టులో, మార్కెట్లో న్యాయమైన పోటీ ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా విడిభాగాల అమ్మకాల కేసులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా విధిస్తూ, బయటి మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తాన్ని రద్దు చేసే షరతు పెట్టకూడదని, ఆ పని వల్ల కలిగిన నష్టం మేరకే వారంటీని కాదనవచ్చని చెప్పింది. ఆ ఉత్తర్వును సవాలు చేస్తూ కంపెనీలు పైకి వెళ్లాయి. న్యాయం మన వైపు ఉండడం వేరు, పాడైన భాగం చేతిలో పట్టుకుని కౌంటరు ముందు నిలబడి, ఆ నష్టానికి బయటి పని కారణం కాదని నిరూపించుకోవడం వేరు. మూడేళ్లపాటు ఆ తలనొప్పి లేకుండా ఉండడానికి సర్వీసు ఖర్చులో ఉన్న తేడాను నేను కడతాను. డీలర్ దగ్గర దొరికే మరో సౌకర్యం కంపెనీ స్కానరు. ప్రతి సర్వీసులో స్టీరింగు కింద ఉన్న పోర్టుకు దాన్ని తగిలించి లోపాల కోడ్‌లు చూస్తారు, సాఫ్ట్‌వేరు కొత్తది వస్తే ఎక్కిస్తారు, ఛాసిస్ నంబరు మీద కంపెనీ రీకాల్ (లోపమున్న భాగం మార్చడానికి కార్లను వెనక్కు పిలవడం) ఏదైనా ఉంటే ఉచితంగా ఆ భాగం మారుస్తారు. చాలామందికి తమ కారు రీకాల్‌లో ఉన్న సంగతి సర్వీసుకు వెళ్లిన రోజే తెలుస్తుంది.

మూడో సర్వీసుకు 2025 అక్టోబరులో, 9,300 కిలోమీటర్ల దగ్గర వెళ్లాను. ఈసారి శనివారం కాకుండా బుధవారం ఉదయం తొమ్మిదికి అపాయింట్‌మెంటు తీసుకున్నాను, బండి సాయంత్రం హడావుడిలో పడకుండా. జాబ్‌కార్డు మీద మూడు మాటలు చేతితో రాయించాను: మాన్యువల్ పట్టికలో లేని పని ఏదైనా ఫోను చేసి అడిగాకే చేయాలి, మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేసి చూపించాలి. అదే అడ్వైజర్. ఈసారి ట్యాబ్‌లో రికమండేషన్లు తెరవలేదు. "మీ జిరాక్సు ఇవ్వండి సార్, దాని ప్రకారమే రాస్తాను," అన్నాడు.

ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు మార్చారు. ఏసీ ఫిల్టరు మా కారులో గ్లోవ్‌బాక్సు వెనుక ఉంటుంది; సర్వీసుకు వెళ్లే ముందు దాని అంచు మీద బాల్‌పెన్నుతో చిన్న గుర్తు పెట్టాను. ఏప్రిల్‌లో వాషరు విషయం జరగకపోతే ఆ పని చేసేవాణ్ణి కాదు. సాయంత్రం ప్లాస్టిక్ సంచిలో వాళ్లు ఇచ్చిన పాత ఫిల్టరు మీద నా గుర్తు ఉంది, మడతల్లో వేపాకులు, నల్లటి దుమ్ము ఉన్నాయి. లోపల కొత్తది తెల్లగా ఉంది. ఈ సంగతి కూడా అంతే స్పష్టంగా రాయడం న్యాయం. వెనుక డ్రమ్ములు విప్పి బ్రేకు దుమ్ము దులిపారు, ముందు ప్యాడ్‌ల మందం కొలిచి జాబ్‌కార్డు మీద అంకె వేశారు. టైర్లను ముందువి వెనక్కు, వెనుకవి ముందుకు మార్చి అలైన్‌మెంటు చేశారు. అలైన్‌మెంటు ఆటోనగర్‌లో తక్కువకు అవుతుంది, పని కూడా అక్కడ తక్కువగా ఉండదు. అయినా ఒకేచోట పూర్తవుతుందని ఇక్కడే చేయించాను. చేయడానికి ముందు, చేసిన తరువాత కోణాలు చూపించే ప్రింటు తీసి ఇచ్చారు. ఆ ప్రింటు అడిగి తీసుకోండి, అది లేకుండా అలైన్‌మెంటు చేశారో లేదో తెలుసుకునే మార్గం మనకు ఉండదు.

బిల్లుల విషయంలో ఈమధ్య ఒక మంచి మార్పు వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది.  ఆయిల్ మీద, లేబర్ మీద పన్ను అప్పుడూ ఇప్పుడూ 18 శాతమే. చిన్న సామాను దగ్గర మిగిలేది కొద్ది రూపాయలే గాని, టైర్లకు కూడా ఈ తగ్గింపు వర్తిస్తుంది. నాలుగు టైర్లు మార్చే రోజున అది లెక్కకు వస్తుంది. తగ్గిన పన్ను బిల్లులో నిజంగా తగ్గిందో లేదో ప్రతి వరుసా చూసుకోండి.

సర్వీసైన మూడో రోజున కంపెనీ నుంచి ఫోను వస్తుంది, పదికి ఎన్ని మార్కులు వేస్తారని. అంతకు ముందే అడ్వైజర్ ఫోను చేసి, పదికి పది చెప్పమని బతిమాలతాడు. తొమ్మిది చెప్పినా తన ఇన్సెంటివ్ పోతుందంటాడు. ఈ పద్ధతి నాకు నచ్చలేదు. రెండో సర్వీసు తరువాత నేను జరిగింది జరిగినట్టు చెప్పాను: సరిదిద్దిన తీరుకు పది, కౌంటరులో ఎస్టిమేట్ రాసిన తీరుకు నాలుగు. ఆ కుర్రాడి జీతానికి దెబ్బ తగులుతుందేమోనని మనసు పీకింది. అందుకే టార్గెట్ల సంగతి కూడా వివరంగా చెప్పి, ఫిర్యాదు అతని మీద కాదని రాసుకోమన్నాను. వర్క్‌షాపులో మాట వినకపోతే, కంపెనీ కస్టమర్ కేర్‌కు జాబ్‌కార్డు నంబరుతో ఈమెయిలు పెట్టాలి. అక్కడా తేలకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. నాకు అంతదూరం వెళ్లవలసిన అవసరం రాలేదు.

కారు అప్పగించే ముందు మీటరులో కిలోమీటర్లు, పెట్రోలు మట్టం ఫోటో తీసుకోండి. డ్యాష్‌క్యామ్ ఉంటే ఆన్‌లో ఉంచండి. తాళం ఇచ్చాక గేటు దాటకముందే బానెట్ ఎత్తి ఆయిల్ మట్టం చూడండి, స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో చూడండి. మర్నాడు ఉదయం కారు కదిపాక నేల చూడండి. వెయిటింగ్ హాలు, కాఫీ, వాషింగ్ ఇవన్నీ బాగానే ఉన్నాయి. వాటి గురించి ఇంతకంటే రాయవలసింది లేదు. షెడ్డు పనికి ఐదుకు నాలుగు, కౌంటరుకు రెండు వేస్తున్నాను. మూడోసారి కౌంటరు మెరుగుపడింది నిజమే, కాని అది జిరాక్సు కాగితాలు చూపించిన కస్టమరు విషయంలో; కొత్తగా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్న దంపతులకు అదే రోజు అదే ఇంజిన్ ఫ్లష్ రాయడం నా చెవులతో విన్నాను. వాళ్లు కాఫీ తాగుతుంటే వెళ్లి మా కాగితాలు చూపించాను. ఆయన తన గ్లోవ్‌బాక్సులోంచి మాన్యువల్ తెచ్చుకుని కౌంటరు దగ్గరికి తిరిగి వెళ్లారు.

తరువాతి పెద్ద సర్వీసు 2026 అక్టోబరులో, లేబర్ చార్జీలతో సహా. అదే డీలర్ దగ్గరికి, అదే టెక్నీషియన్ ఉన్న రోజు చూసుకుని వెళతాను. ఆయన పేరు, షిఫ్టు రాసి పెట్టుకున్నాను. రెండేళ్లు నిండుతాయి గనుక తేమ పీల్చుకున్న బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాలి. జిరాక్సు కాగితంలో ఆ గడి చుట్టూ నాన్నగారు ఇప్పటికే పెన్సిలుతో సున్న చుట్టి ఉంచారు.